అది నా చెయ్యే

పెట్టె బాబాయికి టీవీ సీరియళ్ళంటే ఒళ్ళు మంట. భార్య చూస్తున్నంతసేపూ పక్క కుర్చీలో కూర్చుని, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని, ఆవిడ కళ్ళు తుడుచుకున్నప్పుడల్లా ఏదో ఒక వెటకారం విసురుతుంటాడు. అలాంటి మనిషి ఆ సాయంత్రం పేపరు కింద పడేసి లేచి నిలబడ్డాడు. తెరమీద అత్తగారు కిటికీ ఊచలు పట్టుకుని ఏడుస్తోంది. వెనకాల సెల్లో అనే తీగవాయిద్యం ఒకటి మోగుతోంది.

"అది నేనే," అన్నాడు.

ఆవిడ తెర వంక చూసింది, మొగుడి వంక చూసింది. "ఏది, ఆ అత్తగారా?"

"పరాచికాలాపి విను! ఆ సెల్లో. అది నా చెయ్యే."

"మీరు కమాను ముట్టుకుని ఎన్నేళ్ళయిందండీ?"

"అదే నేనూ అడుగుతున్నాను," అన్నాడు పెట్టె బాబాయి, పై అంతస్తు వైపు గుర్రుగా చూస్తూ. పై అంతస్తులో ఉండేది ఆయన సొంత తమ్ముడు. ఆ సీరియల్‌కి సంగీతం చేసేదీ ఆ తమ్ముడే.

ముందు ఈ బాబాయి సంగతేమిటో చెప్పుకోవాలి. సెల్లో అంటే వయొలిన్‌కి పెదనాన్న అనుకోండి. నేలమీద ఆన్చి, మోకాళ్ళ మధ్య పెట్టుకుని, కమానుతో లాగి వాయించాలి. దాని పెట్టె మనిషంత ఉంటుంది. వయసులో ఉండగా ఆయన ఆ పెట్టెని వీపున వేసుకుని రికార్డింగ్ థియేటర్లకి బస్సులో వెళ్ళేవాడు. "వెనకాయనకి కూడా టిక్కెట్టు తియ్యండి సార్," అని కండక్టర్లు ఏడిపించేవాళ్ళు. వీధిలో పిల్లలు పెట్టె బాబాయ్ అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిల్లలకి పిల్లలు పుట్టారు, పెట్టె కూడా పోయింది, పేరు మాత్రం పోలేదు.

థియేటర్లో ఆయనది సెల్లోల వరసలో చివరి కుర్చీ. పనిచేసినన్నాళ్ళూ అదే కుర్చీ. ఎందుకంటే ఆయన వాయింపులో ఓ తెగులుండేది. పొడుగు స్వరం మధ్యలో కమాను వెనక్కి తిప్పే చోట, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు చిన్న గరగర వినబడేది. పైస్వరానికి వెళ్ళేటప్పుడు వేలు సూటిగా వెళ్ళి కూర్చునేది కాదు. ఓ రవ్వ కింద ఆగి, కాస్త ఆలోచించుకుని, అప్పుడు పైకి పాకేది. సంగీత దర్శకులకి చిర్రెత్తుకొచ్చేది. "చివరి కుర్చీ! ఏమిటా దగ్గు?" అని అందరి ముందూ మైకులో అరిచేవాళ్ళు. ఎంత సాధన చేసినా ఆ దగ్గు మానలేదు. ఆయన పేరు ఏ తెరమీదా పడలేదు, ఆయన వాయించిన ముక్క ఇదీ అని ఎవరికీ తెలియదు.

తర్వాత రెండు దెబ్బలు తగిలాయి. కంప్యూటర్లొచ్చి వరసలకి వరసల కుర్చీలు ఖాళీ చేయించాయి. అది చాలదన్నట్టు ఎడమచేతి ఉంగరంవేలు బిగుసుకుపోయింది. మందులు మింగాడు, నూనెలు రాశాడు, వేలు వంగనంది. ఒకరోజు సెల్లోని పెట్టెతో సహా ఎవరికో ఇచ్చేశాడు. పాత క్యాసెట్లన్నీ చెత్తలో పారేసి, "ఈ ఇంట్లో నా ముందు సెల్లో మాటెత్తినా, మోగించినా మర్యాద దక్కదు," అని అందరికీ చెప్పేశాడు. అందరూ అంటే ఎవరు, భార్యా, తమ్ముడూ. పాపం ఇద్దరూ కిమ్మనకుండా ఊరుకున్నారు.

తమ్ముణ్ణి అందరూ చిన్నోడంటారు. నెత్తిన సగం వెంట్రుకలు నెరిశాయి, కళ్ళజోడొచ్చింది, పెళ్ళి మాటెత్తితే ఇప్పటికీ మేడమీదికి పారిపోతాడు. ఆ మేడమీది గదిలోనే చిన్నోడి ఆర్కెస్ట్రా అంతా ఉంది. గోడలకి పాత బొంతలు మేకులేసి కొట్టాడు, కిటికీకి పరుపు అడ్డం పెట్టాడు. ఓ కంప్యూటరూ, ఓ కీబోర్డూ, ఎండాకాలంలో చొక్కా విప్పేసిన చిన్నోడూ. వయొలిన్లూ, బాకాలూ, డప్పులూ అన్నీ అందులోంచే వస్తాయి. ఎక్కడో ఓ పెద్ద హాల్లో వాయిద్యగాళ్ళని కూర్చోబెట్టి, ఒక్కో స్వరాన్నీ మెల్లగా ఓసారి, గట్టిగా ఓసారి, పొడుగ్గా, పొట్టిగా వాయింపించి, ముక్కముక్కగా రికార్డు చేసి అమ్ముతారు. వాటినే శాంపిల్స్ అంటారు. కీ నొక్కితే ఆ ముక్క పలుకుతుంది. పలుకుతుంది గానీ, ఆసుపత్రిలో టోకెన్ నంబరు పిలిచినట్టు పలుకుతుంది. దానికి ప్రాణం పొయ్యడమే చిన్నోడి పని. కుడిచేత్తో స్వరాలు నొక్కుతూ, ఎడంచేతి బొటనవేలితో కీబోర్డు పక్కనున్న చక్రాల్ని జరుపుతుంటాడు. ఒక చక్రం బలాన్ని పెంచి తగ్గిస్తుంది, ఇంకోటి స్వరాన్ని కిందికీ పైకీ వంచుతుంది. ఫ్లూటు వాయించేటప్పుడైతే తన ఊపిరి ఆగే చోట పాట కూడా ఆపుతాడు, మనిషి వాయించినట్టుండాలని.

ఈ పని చేసేవాళ్ళలో ఓ చిట్కా ఉంది. కంప్యూటర్ వాయిద్యాలు ఎన్ని పేర్చినా, వాటి పైన నిజం మనిషి ఒక్కణ్ణి కూర్చోబెట్టి వాయింపిస్తే చాలు, చెవి మోసపోయి అంతా నిజమేననుకుంటుంది. పెట్టె బాబాయికి ఈ చిట్కా కొట్టినపిండి. అందుకే సీరియల్లో ఆ సెల్లో వినగానే, దీని మీద మనిషి కూర్చున్నాడని పట్టేశాడు. ఎవడా మనిషి అని చెవులు రిక్కించాడు. కమాను తిరిగే చోట దగ్గు వినబడింది. పైస్వరం ఆలోచించుకుని పైకి పాకింది.

అప్పుడు గుర్తొచ్చింది ఒక మధ్యాహ్నం. చిన్నోడు మొదటిసారి మైకు కొనుక్కున్న రోజు. "పరీక్ష చేస్తానన్నయ్యా, ఒక్కో స్వరం వాయించు," అని బతిమాలి, కింది నుంచి పైదాకా అన్ని స్వరాలూ, మెల్లగా, గట్టిగా, వాయింపించుకున్నాడు. అప్పుడేదో పిల్లచేష్ట అనుకుని నవ్వుతూ వాయించాడు. ఓరి వీడి అసాధ్యం కూలా! నన్ను ముక్కముక్కలుగా కోసి దాచుకున్నాడన్నమాట. చేతులారా కూర్చుని కోయించుకున్నానన్నమాట!

ఆ పూట భోజనాల దగ్గర అడగనే అడిగాడు. అడగడం అంటే సూటిగా కాదు లెండి, పక్కనుంచి.

"ఆ అత్తగారి ఏడుపు కింద సెల్లో ఎవర్రా?"

చిన్నోడి చెయ్యి కంచంలో ఆగింది. "ఎవరూ లేరన్నయ్యా. కంప్యూటరే."

"కంప్యూటరుకి దగ్గొస్తుందా?"

"అంటే... కొంచెం అలా..." అని నీళ్ళు నమిలి, "వదినా, కాస్త మంచినీళ్ళు," అన్నాడు. నీళ్ళ చెంబు చేతికందేంత దూరంలోనే ఉంది.

ఇంక చూస్కోండి. ఆ రోజు నుంచి బాబాయికి కనిపించినదంతా సాక్ష్యమే. చిన్నోడు గదికి కొత్త తాళం కొన్నాడు, అంటే లోపలేదో దాస్తున్నాడు. పాత థియేటర్ సౌండు ఇంజినీరు, బట్టతలాయన, ఏదో పొట్లం పట్టుకుని నేరుగా మేడెక్కి నేరుగా దిగిపోయాడు, కింద పలకరించలేదు. అంటే వాడికీ వాటా ఉంది. చిన్నోడు అన్నకి కొత్త చొక్కా తెచ్చాడు. "చూశావా? నోరు మూయించడానికి," అన్నాడు బాబాయి భార్యతో.

"ప్రతి ఏడూ తెస్తాడు కదండీ!"

"ఈసారి పొడుగు చేతులది తెచ్చాడు."

ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మీ తమ్ముడే కదా, కూర్చోబెట్టి అడగండి. వాడు అబద్ధమాడితే నేను పక్కనే ఉంటాను, వాడి ముఖం చూసి చెప్పేస్తాను," అంది. మంచి మాటే. కానీ అనుమానంలో ఉన్న మనిషికి సూటిగా అడిగి తేల్చుకోవడం కంటే చాటుగా విని ఉడుక్కోవడమే ఇష్టం. ఇది పెట్టె బాబాయి ఒక్కడి జబ్బు కాదు, మనందరికీ కాస్తో కూస్తో ఉన్నదే.

చాటుగా వినడానికి మేడమెట్ల మీద చివరి మలుపు అనువుగా ఉంది. అక్కడ నిలబడితే తలుపు సందులోంచి లోపలి మాటలు వినబడతాయి. ఒక మధ్యాహ్నం నిలబడ్డాడు. లోపల చిన్నోడు ఫోనులో మాట్లాడుతున్నాడు.

"మీరిచ్చినవి బాగానే పనికొచ్చాయి సార్... అవును, అచ్చం ఆయనే... లేదు లేదు, అన్నయ్యకి మాత్రం తెలియనివ్వకండి. తెలిసిందంటే ఇల్లు పీకి పందిరేస్తాడు."

బాబాయి గోడ పట్టుకుని దిగాడు. కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. మోసం చేశాడని కాదు. థియేటర్లో అందరూ ఛీకొట్టిన ఆ చెయ్యి, తనకిప్పుడు లేని ఆ చెయ్యి, పైన వీడి దగ్గర క్షేమంగా ఉంది. వీడు రోజూ దాంతో వాయించుకుంటున్నాడు. తనకి మాత్రం వేలు వంగదు. అది భరించలేకపోయాడు.

తిన్నగా వాద్యకారుల సంఘానికి వెళ్ళాడు.

సంఘం కార్యదర్శి ఒకప్పటి బాకా ఆసామి. కంప్యూటర్ సంగీతం అంటే ఆయనకి పూనకం వస్తుంది. బాబాయి చెప్పింది సగం వినకుండానే బల్ల గుద్దాడు. "సభ్యుడి వాయింపుని అనుమతి లేకుండా వాడతారా? సొంత తమ్ముడే ఇంత పని చేశాడా? వీణ్ణి వదలకూడదు బాబాయ్!" అని అక్కడికక్కడే సీరియల్ వాళ్ళకి ఫోను కొట్టాడు. బాబాయి కొంచెం మెల్లగా అనండి అందామనుకున్నాడు. అనలేదు.

రెండోరోజు పొద్దున్నే అందరూ మేడమీద గదిలో చేరారు. కార్యదర్శి, సీరియల్ మేనేజరు, పిలిపిస్తే వచ్చిన బట్టతల ఇంజినీరు. బాబాయి తలుపు దగ్గర నిలబడ్డాడు. చిన్నోడు ముఖం పాలిపోయి ఉంది. అన్న వంక ఒక్కసారి చూశాడు, మళ్ళీ చూడలేదు.

"ఆ సెల్లో ముక్క ఎక్కడిదో చూపించు," అన్నాడు కార్యదర్శి.

చిన్నోడు కంప్యూటర్లో ఆ సన్నివేశం తెరిచాడు. మిగతా వాయిద్యాలన్నీ ఆపేసి, ఒక కీ నొక్కాడు. సెల్లో పలికింది. నున్నగా, నిండుగా, ఒక్క తప్పు లేకుండా పలికింది. ఎవరో ఎరగని మనిషి, ఎక్కడో ఎరగని హాల్లో లాగిన కమాను.

"ఇది నువ్వేనా అన్నయ్యా?"

బాబాయి విన్నాడు. వాయిద్యం దగ్గర మాత్రం ఆయన చెవి అబద్ధమాడదు. "కాదు," అన్నాడు.

"అదే ముక్క, అదే శాంపిల్," అని చిన్నోడు సీరియల్ బాణీని చక్రాలు ముట్టుకోకుండా వాయించాడు. తిన్నగా, పొడిగా, ఇటుకలు పేర్చినట్టు వచ్చింది. తర్వాత ఎడంచేతి బొటనవేలు చక్రం మీద పెట్టాడు. మళ్ళీ వాయించాడు. ఈసారి స్వరం మెల్లగా ఊపిరి పీల్చుకుంది. కమాను తిరిగే చోట వేలు చటుక్కున కిందికి లాగి వదిలాడు, దాని అడుగున ముందే సన్నగా పెట్టుకున్న ఓ పొట్టి ముక్క గరగరమంది. అదిగో దగ్గు. పైస్వరానికి వెళ్ళే ముందు రెండో చక్రం రవ్వంత వంచి, ఆపి, ఆలోచిస్తున్నట్టు ఉంచి, అప్పుడు వదిలాడు. స్వరం పైకి పాకింది.

బాబాయి ఆ బొటనవేలినే చూస్తున్నాడు.

ఇంజినీరు గొంతు సవరించుకున్నాడు. "పాత టేపులు నేనే ఇచ్చాను. సెల్లోల వరసలో ఈయన వినబడే చోట్లు వెతికి పట్టుకెళ్ళాడు. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఈయన ఎక్కడ ఆగుతాడో, ఎంత వంచుతాడో వినివిని వేలికి నేర్పుకున్నాడు. ఇంట్లో సెల్లో మోగకూడదని కట్టడి అంట కదా, అందుకే ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"మరి ఆ మధ్యాహ్నం?" అన్నాడు బాబాయి. "మైకు పెట్టి ఒక్కో స్వరం వాయింపించావే, అది?"

"ఆ రోజు ఫ్యాను తిరుగుతోంది కదన్నయ్యా. ప్రతి స్వరంలోనూ ఫ్యానే. ఎప్పుడో చెరిపేశాను."

కార్యదర్శి తల గోక్కున్నాడు. ఇంత హంగామా చేసి ఊరికే వెళ్ళిపోతే బాగోదని, "అయినా ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నావోయ్? చక్రం తిప్పి మనిషి చెయ్యి తెప్పించడం ఏ స్కూల్లో చెబుతున్నారు?" అన్నాడు.

"ఇంట్లో," అన్నాడు చిన్నోడు.

అంతటితో అయిపోవాల్సింది. కానీ మేనేజరు ఒకడున్నాడు కదా, గడియారం చూసుకుంటున్నాడు. "ఎవరి చెయ్యయినా మాకెందుకు సార్ ఈ తలనొప్పి? ఇవాళ ఈయన వచ్చారు, రేపింకొకరొచ్చి ఆ డప్పు నాదంటారు. ఎవరిలానూ లేకుండా మార్చేయండి. మామూలుగా ఉండాలి. వచ్చే వారం నుంచే."

"మారిస్తే సంఘానికి అభ్యంతరం లేదు," అన్నాడు కార్యదర్శి, పరువు దక్కినందుకు ఊపిరి పీల్చుకుంటూ.

చిన్నోడు తల ఎత్తి అన్న వంక చూశాడు. అప్పుడు ఒక్క మాట చాలు. వద్దు, అలాగే ఉంచమనండి, నాకిష్టమే, అంటే చాలు. ఆ మాట బాబాయి గొంతుదాకా వచ్చింది కూడా. కానీ ఊరందర్నీ పిలుచుకొచ్చినవాడు ఇప్పుడేమని నోరు తెరుస్తాడు? నేల చూపులు చూశాడు. పెద్దమనిషి, అన్నగారు, ఒక్క మాట దగ్గర పిరికివాడైపోయాడు.

"సరే సార్, మార్చేస్తాను," అన్నాడు చిన్నోడు.

ఆ తర్వాత ఇంట్లో గొడవేం జరగలేదు. జరిగినా బాగుండేది. చిన్నోడు ఎప్పటిలానే భోజనానికి వచ్చాడు, అన్నయ్యా అన్నాడు, వదినా కూర బాగుందన్నాడు. కంచం కడిగేసి మేడెక్కాడు. బాబాయి నాలుగుసార్లు నోరు తెరిచి, నాలుగుసార్లూ వాన గురించి మాట్లాడాడు.

వారం తిరిగింది. సీరియల్లో అత్తగారు మళ్ళీ ఏడ్చింది, ఆవిడకి వేరే పనేముంది. సెల్లో మొదలైంది. బాబాయి పేపరు మడిచి పక్కన పెట్టి, ముందుకి వంగి కూర్చున్నాడు. కమాను ఎక్కడ తిరిగిందో తెలియనంత నున్నగా తిరిగింది. పైస్వరం వెళ్ళి సూటిగా తన చోట తను కూర్చుంది. ఏ సంగీత దర్శకుడూ వంక పెట్టలేడు. బాబాయి చివరిదాకా చెవులప్పగించి వెతికాడు. తను ఎక్కడా లేడు. ఎవరూ లేరు.

"ఇప్పుడు హాయిగా ఉంది కదండీ, ఏ గోలా లేదు," అంది భార్య. ఆవిడ వెటకారం చేసిందో మామూలుగానే అందో ఆయనకి అర్థం కాలేదు.

లేచి మేడెక్కాడు. ఈసారి మలుపులో ఆగలేదు. తలుపు తట్టాడు. చిన్నోడు తలుపు తీసి, కుర్చీ మీద పడున్న తువ్వాలు తీసి, "కూర్చో అన్నయ్యా," అన్నాడు. ఆయన కూర్చోలేదు.

"ఒరే, నాదే తప్పురా. నేను వాళ్ళతో చెబుతాను. మేనేజరుతో నేనే మాట్లాడతాను. పాతదే పెట్టెయ్."

చిన్నోడు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "వాళ్ళు ఒప్పుకున్నా రాదన్నయ్యా."

"అదేమిట్రా? అంతా నీ వేలిలోనే ఉంది కదా!"

"ఉండేది. మొన్న ఒకసారి నాకోసం నేను వాయించి చూసుకున్నాను. చక్రం మీద వేలు పెట్టగానే నువ్వు తలుపు వెనకాల నిలబడి వింటున్నావేమో అనిపించింది. వెనక్కి తిరిగి చూశాను. మళ్ళీ పెట్టాను, మళ్ళీ చూశాను." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "అలా చూసుకుంటూ వాయిస్తే ఆ చెయ్యి రాదన్నయ్యా. నున్నగానే వస్తోంది."

బాబాయి తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. వంగని వేలు కూడా ఆ భుజం మీద తిన్నగానే ఉండిపోయింది. "పని చేసుకో," అని బయటికి వచ్చి, తలుపు దగ్గరికి వేశాడు.

మెట్లు దిగేటప్పుడు ఒక్కో మెట్టు మీదా కాలు గట్టిగా వేస్తూ, చెప్పులు టపటపలాడిస్తూ, కింద ఉన్న భార్య "ఏమిటండీ ఆ చప్పుడు?" అని అరిచేదాకా, తను వెళ్ళిపోతున్నట్టు పైనున్న వాడికి వినబడేలా దిగాడు.